పనిలేని మెలకువ

జాగరూకత సద్గుణమని అంగీకరింపని ధర్మబోధ లేదు. ఏమరినవాని సొత్తు దొంగపాలగునని, కునికిన కావలివాడు ఊరికే చేటు తెచ్చునని పెద్దలు ఎల్లకాలమును హెచ్చరించుచునే యున్నారు. అయితే ఈ హెచ్చరికలన్నిటి వెనుక ఒక ఊహ దాగియున్నది. మనుజుడు కోరినచో ఎంతసేపైనను మెలకువగా నుండగలడనియు, ఉండలేకపోవుట అతని దోషమేననియు ఆ ఊహ. చేతిలో పని యున్నవాని విషయమున ఇది చాలవరకు సత్యమే. చేయుటకు పని లేకయే మేల్కొని చూచుచుండుమని నియమింపబడిన వాని విషయమునను ఇది సత్యమగునా? యంత్రములు మానవుని చేతిలోని పనిని తీసికొని, అతనిని ప్రక్కన కూర్చుండబెట్టి చూచుచుండుమనుచున్న ఈ కాలమున ఇది కేవలము తర్కమునకు సంబంధించిన ప్రశ్న కాదు. కొందరి ప్రాణములకు, మరికొందరి శిక్షలకు సంబంధించిన ప్రశ్న.

విమానము నడుపు పైలట్ దూరప్రయాణమున అధికభాగము ఆటోపైలట్ చేయు పనిని కనిపెట్టుచు కూర్చుండును. విద్యుత్కేంద్రపు నియంత్రణశాలలోని ఉద్యోగి రాత్రియంతయు అంతగా మారని అంకెలను చూచుచుండును. విమానాశ్రయమున ఎక్స్-రే తెర ముందు కూర్చున్నవాడు వేలకొలది సంచులలో ఎన్నడో గాని కనబడని ఆయుధము కొరకు వెదకుచుండును. ఇటీవల ఈ వరుసలో కారు డ్రైవరు కూడ చేరినాడు. దారి గీతల నడుమ తానే సాగుచు, ముందున్న వాహనమునకు తగిన ఎడమిచ్చి, తానే వేగము తగ్గించుకొను కార్లు విదేశములందే గాక మన రహదారులపైనను తిరుగుచున్నవి. వీరందరి పని ఒక్కటే. యంత్రము తప్పు చేయునేమోయని కనిపెట్టుట. ఆ తప్పు ఈ గంటలో రాకపోవచ్చును, ఈ సంవత్సరములో రాకపోవచ్చును. వచ్చిన క్షణమున మాత్రము రెండు మూడు సెకన్లలో చేయి కదలవలెను.

కావలి కాయుట మనకు క్రొత్త కాదు. జొన్నచేను గింజపట్టు వేళ మంచె మీద కూర్చున్నవాని సంగతి పల్లె యెరిగినవారికి తెలియును. అతడు ఊరక చూచుచు కూర్చుండడు. ఒడిసెల త్రిప్పి రాయి విసరును, డబ్బా వాయించును, కేకలు వేయును, పదము పాడును, నడుమ దిగి గట్టు చుట్టి వచ్చును. పిట్ట రాని వేళలోను అతని చేతికి, గొంతునకు పని యుండును. పారా కాయువాడు రాత్రివేళ "పారా హుషార్" అని కేకవేయుట దొంగను బెదరించుటకు మాత్రమే కాదు. ఆ కేకకు దూరముననున్న మరియొక కావలివాడు బదులు పలుకవలెను. బదులు రానిచో అచటివాడు కునికెనని తెలియును. ఆ కేక విన్నవానికి ప్రశ్న, వేసినవానికి మేలుకొలుపు.

శివరాత్రి జాగరణమును గూర్చి ఆలోచించినను ఇదియే తేలును. ఆ రాత్రిని నాలుగు యామములుగా విభజించి యామయామమునకు అభిషేకమును, పూజను విధించినారు. నడుమ భజన, పురాణశ్రవణము జరుగును. పదిమంది ఒకచోట చేరుదురు. ఒంటరిగా గోడను చూచుచు తెల్లవారునంతవరకు మేలుకొనుమని ఎవ్వరును విధింపలేదు. మెలకువ సంకల్పముతో ఆరంభమగునే గాని సంకల్పముతోనే నిలువదనియు, దానిని నిలుపుటకు చేతికి పని, చెవికి శబ్దము, ప్రక్కన తోడు, నడుమ మార్పు కావలెననియు ఆ విధి ఏర్పరచినవారు ఎరుగుదురు. ఇంటిలో రోగి చెంత రాత్రి కనిపెట్టి యుండవలసి వచ్చినప్పుడు అన్నదమ్ములు వంతులు వేసికొనుట కూడ ఈ యెరుక వలననే. రెండవ జాము వరకు మేల్కొన్న తమ్ముని అన్న వచ్చి లేపి పంపునే గాని, ఇంకను ఏల మేల్కొనలేవని నిందింపడు.

ఈ లోకజ్ఞానమునకు శాస్త్రీయమైన కొలత రెండవ ప్రపంచయుద్ధకాలమున ఏర్పడినది. బ్రిటిష్ వాయుసేన విమానములలో రాడార్ తెరల ముందు కూర్చున్నవారు జర్మను జలాంతర్గాముల జాడ కొరకు గంటల తరబడి చూచెడివారు. సమయము గడచిన కొలది తెరపై కనబడిన గురుతులనే వారు గమనింపలేకపోవుచున్నట్లు తోచినది. కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అను మనశ్శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించుటకు గడియారము వంటి సాధనమొకటి అమర్చెను. అంకెలు లేని పలకపై ఒక ముల్లు సెకనుకొక అడుగు చొప్పున కదలుచుండును. ఎప్పుడో యొకప్పుడు ఒక్కసారిగా రెండడుగులు దూకును. దూకినప్పుడు చూచువాడు మీట నొక్కవలెను. రెండు గంటల సేపు అతనికి వేరు పని లేదు. మాక్‌వర్త్ 1948లో ప్రకటించిన ఫలితములను బట్టి మొదటి అర్ధగంట గడచునప్పటికే చూపు తప్పిపోవు గురుతుల సంఖ్య స్పష్టముగా పెరిగినది. అర్ధగంట పని, అర్ధగంట విశ్రాంతి అను వంతులు పెట్టినప్పుడు ఆ క్షీణత లేకపోయినది. వంతులు వేసికొను అన్నదమ్ములకు తెలిసినది ప్రయోగశాలలో అంకెలతో రుజువైనది.

ఊరక చూచుట సులభమైన పనియని, సోమరితనము వలననే చూపు జారునని చాలకాలము అనేకులు తలచినారు. జోయెల్ వార్మ్, రాజా పరశురామన్, జెరాల్డ్ మాథ్యూస్ అను పరిశోధకులు 2008లో వ్రాసిన వ్యాసమున ఇందుకు విరుద్ధమైన అభిప్రాయమును నిరూపింప యత్నించిరి. రాని దానికొరకు ఎదురుచూచుట మనస్సునకు కఠినమైన శ్రమయనియు, అది దేహమునకును బాధ కలిగించుననియు వారు చెప్పినది. బయటికి విశ్రాంతివలె కనబడు శ్రమ ఇది. చెమట కనబడదు గనుక కూలి ఇచ్చువానికి శ్రమ కనబడదు. కనబడని శ్రమకు విరామము ఇయ్యవలెనను తలంపు కూడ కలుగదు.

ఇంతకు మించిన చిక్కు మరియొకటి కలదు. జెరెమీ వుల్ఫ్ మొదలగువారు 2005లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించిరి. చిత్రములలో ఒక వస్తువును వెదకుట అందలి పని. ఆ వస్తువు సగము చిత్రములలో ఉన్నప్పుడు వెదకువారు నూటికి 7 మారులు దానిని చూడక విడిచినారు. నూరు చిత్రములలో ఒక్కదానియందే ఉన్నప్పుడు నూటికి 30 మారులు విడిచినారు. వస్తువు అదియే, కన్ను అదియే. అది ఉండునను ఎదురుచూపు మాత్రము తగ్గినది. దీనిని యంత్రమునకు అన్వయించినచో విపరీతమైన ఫలితము వచ్చును. యంత్రము ఎంత నమ్మదగినదైనచో దాని తప్పు అంత అరుదగును. తప్పు ఎంత అరుదైనచో కావలివాని కన్ను అంతగా తప్పిపోవును. నూరు మైళ్లకొకసారి తప్పుచేయు యంత్రమును మనుజుడు కనిపెట్టి యుండగలడు. లక్ష మైళ్లకొకసారి తప్పుచేయుదానిని కనిపెట్టుటయే దుర్ఘటము.

లిసేన్ బెయిన్‌బ్రిడ్జ్ అను విదుషి 1983లోనే ఈ విపర్యాసమును ఒక చిన్న వ్యాసమున విశదీకరించినది. మనుజుడు నమ్మదగనివాడని తలచి యంత్రమును నిర్మించువారు, యంత్రము చేయలేని కష్టమైన పనిని మాత్రము ఆ మనుజునికే విడిచిపెట్టుదురని ఆమె చూపినది. నిత్యము చేయు అభ్యాసమును అతని నుండి తీసివేసి, ఆపద వచ్చిన నాడు నిత్యాభ్యాసము గలవానికంటె ఎక్కువ నేర్పు చూపుమని కోరుదురు. 2009 జూన్ 1వ తేదీన రియో డి జనీరో నుండి పారిస్ పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానమున వేగమును కొలుచు గొట్టములు మంచుచే మూసికొనిపోగా ఆటోపైలట్ తొలగిపోయినది. విమానము ఒక్కసారిగా పైలట్ల చేతికి వచ్చినది. నాలుగు నిమిషములు కొంచెము దాటినంతలో అది అట్లాంటిక్ సముద్రమున పడి 228 మంది మరణించిరి. ఆ క్షణమున చుక్కాని పట్టినవారు నిద్రించుచుండలేదు. ఏమి జరుగుచున్నదో వారికి అంతుపట్టలేదు. కన్ను తెరచియున్నంత మాత్రమున మెలకువ పూర్తి కాదని, చేతి నేర్పు కూడ మెలకువలోని భాగమేనని ఆ దుర్ఘటన తెలుపుచున్నది.

కార్ల విషయమునకు వచ్చినచో, స్వయంచాలనమును నిపుణులు సున్న మొదలు అయిదు వరకు అంతస్తులుగా విభజించినారు. రెండవ అంతస్తులో కారు చుక్కానిని, వేగమును తానే చూచుకొనును గాని డ్రైవరు ఎల్లవేళల రహదారిని కనిపెట్టి యుండవలెను. మూడవ అంతస్తులో అతడు కనిపెట్టి యుండనక్కరలేదు గాని కారు పిలిచినప్పుడు వెంటనే పగ్గము పట్టవలెను. పై అంతస్తులకు పోయిన కొలది మనుజుని అవసరము తగ్గును. ధర్మసంకటమంతయు ఈ నడిమి అంతస్తులలోనే యున్నది. పని యంత్రముది, పూచీ మనుజునిది. పరీక్షార్థము నడుపబడు కార్లలో ఈ సంకటము మరింత స్పష్టముగా కనబడును. అవి పై అంతస్తునకు చేరుటకు యత్నించుచున్నవి, కాని ఇంకను చేరలేదు గనుక చూచుచుండుటకు ఒక జీతగానిని లోపల కూర్చుండబెట్టుదురు.

2018 మార్చి 18వ తేదీ రాత్రి అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున టెంపీ నగరములో ఇట్టి కారొకటి ఒక స్త్రీ మరణమునకు కారణమైనది. అది ఉబర్ సంస్థ పరీక్షించుచున్న కారు. గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. ఆమె సైకిలును నడిపించుకొనుచు దారి దాటుచున్నది. తాకుటకు 5.6 సెకన్లకు ముందే యంత్రము ఆమె ఉనికిని పసిగట్టినదని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2019లో తేల్చినది. పసిగట్టినను పోల్చుకొనలేదు. ఒకసారి వాహనమని, ఒకసారి మరేదోయని, ఒకసారి సైకిలని తలపోసినది. నియమిత స్థలమున గాక వేరొకచోట కాలినడకన దాటువారుందురను ఊహయే ఆ యంత్రపు రచనలో లేదు. లోపల కూర్చున్న జీతగత్తె చూపు ఆ సమయమున రహదారిపై లేక చేతిఫోనుపై నున్నది. ఆ ప్రయాణములో సుమారు మూడవవంతు కాలము ఆమె చూపు అచటనే యుండెనని విచారణలో తేలినది. తొలుత ఇట్టి కార్లలో ఇరువురిని కూర్చుండబెట్టిన సంస్థ 2017లో ఒక్కరినే ఉంచసాగినది. కారును తయారుచేసినవారు అమర్చిన అత్యవసర బ్రేకు ఏర్పాటు పరీక్షవేళ పనిచేయకుండ చేయబడినది. సంస్థపై నేరారోపణకు ఆధారము లేదని 2019లో ప్రభుత్వ న్యాయవాది తేల్చెను. జీతగత్తె 2023లో ప్రాణాపాయము కలిగించిన నేరమును అంగీకరింపగా మూడేండ్లు పర్యవేక్షణలో నుండవలెనని న్యాయస్థానము విధించినది.

దోషమెవరిది? రెండు వాదములు కలవు. మొదటివారు జీతగత్తెదే యందురు. చూచుచుందునని ఒప్పుకొని కూలి తీసికొన్నది. చూడలేదు. చూచియున్నచో ఆ ప్రాణము నిలిచెడిది. రెండవవారు సంస్థదే యందురు. పని లేకుండ చూచుట అర్ధగంటకు మించి సరిగా సాగదని 1948 నుండి తెలిసియుండగా, ఒంటరి మనిషిని రాత్రివేళ అదే దారిలో మరల మరల త్రిప్పి, తోడును తొలగించి, ఆమె చూచుచున్నదా లేదా అని విచారింపనివారు దోషులు గాక మరెవ్వరని వారి ప్రశ్న. భద్రతా మండలి సయితము జీతగత్తె అశ్రద్ధను ప్రధాన కారణముగా పేర్కొని, సంస్థ పర్యవేక్షణ లోపమును దానికి తోడ్పడిన కారణముగా చెప్పినది.

ఈ రెండు వాదములును సగము సత్యములు. వీనిని విడదీయుటకు ఒక భేదమును గుర్తింపవలెను. చిత్తము జారుట వేరు, చిత్తమును జారవిడుచుట వేరు. రహదారిపై కన్నులుంచియే నలువదవ నిమిషమున మనస్సు ఇంటి తలంపులలోనికి పోవుట మొదటిది. అది ప్రకృతి. ఆ క్షణమున పోవద్దని ఆజ్ఞాపించుటకు ఆజ్ఞాపింపవలసిన మనస్సే అక్కడ లేదు. ఫోనును చేతిలోనికి తీసికొనుట రెండవది. అది క్రియ. తీసికొనకుండుట ఆమె వశములో నుండెను. సంకల్పము చేరగలిగిన చోటనే దోషము నిలుచును. చేరజాలని చోట దోషమారోపించుట, ఎత్తలేని బరువును తలకెత్తి, పడిపోయినందుకు కొట్టుట వంటిది.

అయితే ఇంతటితో జీతగత్తెకు శిక్ష, సంస్థకు విముక్తి అని ముగింప వీలులేదు. ఆమె ఫోనును ముట్టకుండ నుండినదనుకొందము. కన్నులు దారిపైననే యున్నవనుకొందము. అలవాటైన దారి, చీకటి, ఒంటరితనము, కదలని చేతులు ఇవన్నియు కలిసి ఆమె చూపును నిస్తేజము చేయగా ఆ స్త్రీ అప్పుడును మరణించియుండవచ్చును. అప్పుడు దోషమెవరిది? కన్నులు తెరచి కూర్చున్నదానిది కాదు. కావున అట్టి కొలువును ఏర్పరచినవానిదే కావలెను. ఫోనుండుట వలన ఆ దోషము మాయము కాదు, మరుగున పడును. దోషము గింజల రాశి కాదు, ఒకరు కొంత మోసికొనిపోయినచో మరియొకరికి తగ్గుటకు. జీతగత్తె ఫోను దోషము ఆమెకు నిండుగా నుండును. మనుజుని కొలతకు మించిన కావలిని విధించిన దోషము విధించినవానికిని నిండుగానే యుండును.

కావలివాని ధర్మమేమి? విలియం జేమ్స్ అను తత్త్వవేత్త 1890లో వెలువరించిన మనశ్శాస్త్ర గ్రంథమున ఒక మాట చెప్పినాడు. కోరి నిలిపిన ధ్యాస ఒక్కసారికి కొన్ని సెకన్లకు మించి నిలువదనియు, నిలిచినట్లు తోచునది జారినదానిని మరల మరల తెచ్చుకొనుటయేననియు అతని అభిప్రాయము. జపమునకు కూర్చున్న ప్రతివారికిని ఇది అనుభవములోని సంగతియే. కావున ఎన్నడును జారని మనస్సు కావలివానికి ఉండవలసిన గుణము కాదు. అట్టిది లేదు. జారినట్లు త్వరగా గుర్తించుట, మరల్చుకొనుట, మరల్చుకొనలేని స్థితి వచ్చుచున్నప్పుడు ఆ సంగతిని దాచక చెప్పుట అతని గుణములు. ఈ మూడింటిలో చివరిదే కష్టము. ఎందుకనగా అది ధ్యాసకు గాక సత్యమునకు సంబంధించినది.

మరల్చుకొనుటకు సాధనములు కలవు. జపాను దేశపు రైల్వేలలో డ్రైవరు ప్రతి సంకేతమును వ్రేలితో చూపి, దాని స్థితిని బిగ్గరగా పలుకును. చూచువారికి ఇది వింతగా తోచును. ఆ దేశపు రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో జరిపిన పరీక్షలో ఏమియు చేయనప్పుడు నూరు చర్యలకు 2.38 గా నున్న తప్పులు, చూపుచు పలుకుచు చేసినప్పుడు 0.38 కి తగ్గినవి. మన రైళ్లలోను లోకో పైలట్, అతని సహాయకుడు సంకేతపు రంగును ఒకరికొకరు పలుకుకొనుట నియమము. పారా హుషార్ అను కేక ఇంజనులోనికి వచ్చినదని చెప్పవచ్చును. కన్ను ఒంటరిగా నున్నప్పుడు మోసపోవును. చేయి, నోరు, చెవి తోడైనచో ఒకటి కునికినను మరియొకటి లేపును.

నియమించినవాని ధర్మము ఇంతకంటె విస్తృతమైనది. మొదటిది కాలపరిమితి. ఐరోపా విమానాశ్రయములలో ఎక్స్-రే తెరను ఒకరు విరామము లేక సాధారణముగా 20 నిమిషములకు మించి చూడరాదను నియమము కలదు. రెండవది తోడు. మూడవది ఎదురుచూపును బ్రతికించుట. పలు విమానాశ్రయములలో ఎక్స్-రే తెరపై అప్పుడప్పుడు కల్పిత ఆయుధముల నీడలను యంత్రమే చొప్పించును. చూచువాడు వానిని పట్టుకొన్నచో సరియని వెంటనే తెలుపును. రాని శత్రువు కొరకు ఎదురుచూచు కన్నునకు ఇది ఆహారము వంటిది. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. అలసితినని చెప్పినవానికి కూలి కోయకుండుట, కొలువు తీయకుండుట. అట్టి అభయము లేనిచోట కావలివాడు కన్నులు తెరచి నిద్రించుట నేర్చుకొనును. అతనిని అసత్యవాదిగా చేసినది అతని స్వభావము కాదు, ఆకలి.

సొంత కారు నడుపువాని సంగతి కొంత భిన్నము. అతడే నియమించువాడు, అతడే నియమింపబడినవాడు. తనకు తాను విధించుకొన్న కావలి గనుక నింద వేయుటకు మరియొకడు లేడని తోచును. కాని ఆ కారును అమ్మినవాడు కలడు. సర్వమును తానే నడుపునని తోచు పేరు పెట్టి అమ్మి, చేతులు తీయవద్దని లోపలి పుస్తకమున చిన్న అక్షరములతో వ్రాయుట న్యాయమైన వర్తకము కాదు. పేరు పెట్టిన నోరే పూచీయును పలుకవలెను. బ్రిటనులో 2024లో చేయబడిన స్వయంచాలిత వాహనముల శాసనము ఈ మార్గమున నడచినది. తానే నడచునని అధికారముగా ఆమోదింపబడిన వాహనము నడచుచున్నప్పుడు నడుపుటలో కలిగిన దోషములకు లోపల కూర్చున్నవాడు నేరస్థుడు కాడనియు, ఆమోదము పొందిన సంస్థయే జవాబుదారియనియు దాని సూత్రము. పని ఎవరిదో పూచీ వారిదేయను సామాన్య న్యాయము చట్టరూపము దాల్చినది.

దీనికొక ఆక్షేపణ రావచ్చును. యంత్రము త్రాగదు, అలయదు, కోపగింపదు. మనుజులు నడుపు కార్ల వలన ఏటేట లక్షలకొలది ప్రాణములు పోవుచుండగా, కావలివాని బాధను గూర్చి ఇంత చింతయేల యని అడుగవచ్చును. ఈ ఆక్షేపణలో బలము కలదు. యంత్రమును త్రోసివేయుమనుట ఇచటి సిద్ధాంతము కాదు. ఎవరికి తగిన పని వారికి అప్పగింపుమనుటయే. చేయుట మనుజునికి తగినది, విసుగక కాయుట యంత్రమునకు తగినది. మనుజుడు నడుపుచుండగా యంత్రము కనిపెట్టి, ఆపదలో బ్రేకు వేయు ఏర్పాటును ఐరోపా సమాజము 2024 జూలై నుండి క్రొత్తగా అమ్ముడగు కార్లన్నిటికి విధించినది. మన రైలింజనులలో లోకో పైలట్ నిమిషము పాటు ఏ మీటను కదపనిచో దీపము వెలిగి, పిదప గంట మ్రోగి, అప్పటికిని కదలనిచో బ్రేకులు పడు సాధనము కలదు. వీనియందు చేయువాడు మనుజుడు, కావలి యంత్రము. ఈ క్రమమును తలక్రిందులు చేసి, చేయుట యంత్రమునకు, విసుగు మనుజునికి పంచినప్పుడే కీడు మూడుచున్నది. లేదా యంత్రము నిజముగా సమర్థమైనచో మనుజుని పూర్తిగా విడిచిపెట్టవచ్చును. పనిని తీసికొని నిందను మాత్రము అతనికి విడిచిపెట్టు నడిమి మార్గము మాత్రము తగదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున చేరిన శరణులు కాయకమునకు ఇచ్చిన గౌరవము ఈ సందర్భమున తలంపునకు రాక మానదు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. వీరి పనులలో చేయి ఒకచోట, చిత్తము ఒకచోట ఉండుటకు వీలు తక్కువ. గడ ఏమరినచో నీరు వెంటనే పడవను త్రిప్పి చెప్పును. త్రాడు వదులైనచో వ్రేలికి తెలియును. పనియే పనివానిని మేలుకొలుపుచుండును. దేహముతో చేయు పనికి వారు పూజతో సమానమైన స్థానమిచ్చుటలో, పని మనుజుని చిత్తమును నిలుపు ఆధారమను ఎరుక కూడ ఉండియుండును. ఆ ఆధారమును తీసివేసిన తరువాత, చిత్తమును మాత్రము వెనుకటివలెనే నిలుపుమనుట గడను లాగుకొని పడవను తిన్నగా నడుపుమనుట వంటిది.

కావున ఏమియు చేయక చూచుచుండు కొలువును ఒకరికి అప్పగించు ప్రతి యజమానియు, ప్రతి అధికారియు ముందుగా ఆ కుర్చీలో తాను రెండు గంటలు కూర్చుండి చూచుట మేలు. అట్టి కొలువున కూర్చున్న ప్రతివాడును తన వశములో నున్న దానిని విడువకుండుటయు, తన వశము తప్పుచున్న దానిని దాచకుండుటయు మేలు. ఒకడు అలసితినని నిర్భయముగా చెప్పగలిగి, మరియొకడు ఆ మాట విని వెంటనే వంతు మార్చగలిగిన చోటనే మెలకువ నిలుచును. దారి దాటుచున్న వానికి కావలసినది కావలివానికి పడిన శిక్ష కాదు. తన అడుగు దారిపై పడిన క్షణమున చూచెడి ఒక కన్ను.